ఎడమ గడి తొక్కకండి

రత్నాచల్ విశాఖ చేరేసరికి ఆకలి నకనకలాడుతోంది. ఎంవీపీ కాలనీలో అక్క భోజనం వడ్డించి కూర్చుంది. నా ధ్యాసంతా మాల్ మీదే. మేనల్లుడు పంపిన ఒక వీడియోలో, వాడి వెనకాల మూలన రంగుదీపాలతో డాన్స్ మెషిన్ కనబడింది మరి. దానికోసం విజయవాడ నుంచి వచ్చానంటే అక్క చీవాట్లు పెడుతుందని, సింహాద్రి అప్పన్న దర్శనానికి వచ్చానని చెప్పాను.

ఏయూలో చదివే రోజుల్లో ఈ ఊళ్ళోనే నాకు ఈ ఆట అంటింది. తెర మీద బాణాలు పైకి పాకుతుంటాయి. పైనున్న గుర్తులను అవి తాకే క్షణానికి కాళ్ల కింద అదే బాణం తొక్కాలి. కోనామి 1998లో జపాన్‌లో తెచ్చిన డాన్స్ డాన్స్ రివల్యూషన్‌ (డీడీఆర్)కు నాలుగు బాణాలు. మరుసటి ఏడాది కొరియా నుంచి ఆండమిరో వాళ్ల పంప్ ఇట్ అప్ వచ్చింది. దానికి మూలకొకటి, నడుమ ఒకటి, మొత్తం ఐదు గడులు. నేను నేర్చుకున్నది ఈ ఐదు గడులదే.

సాయంత్రం మేనల్లుడితో మాల్‌కి వెళ్లి, కార్డులో మూడొందలు వేయించాను. మెషిన్ వెలుగుతోంది. బూట్ల ఫీతాలు బిగిస్తుంటే అక్కడి కుర్రాడు వచ్చి, "ఆడుకోండి సార్, ఎడమ పక్క కింది గడి మాత్రం తొక్కకండి, పలకదు" అన్నాడు.

"ఒంటికాలి మీద ఆడమంటావా బాబూ?"

వాడు నవ్వేసి వెళ్లిపోయాడు. ఆడాను. ఎడమ కింది బాణం వచ్చిన ప్రతిసారీ 'మిస్'. పైగా పాత డబ్బా తెర పోతే ఎల్‌సీడీ టీవీ బిగించారట. దాంట్లో బొమ్మ ఓ పిసరు ఆలస్యంగా పడుతోంది. సినిమాలో ఇంత తేడాను ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ సెకనులో పదో వంతు తప్పినా పాటకూ పాదానికీ పొత్తు కుదరదు. సరిగ్గా తొక్కానని కాలు చెబుతోంది, కాదని తెర చెబుతోంది. రెండో పాటకే ఆయాసం. అది మాత్రం మెషిన్ తప్పు కాదు.

పక్కన, కొక్కెంతో బొమ్మలు పట్టి తీసే క్రేన్ మెషిన్ విప్పుకుని ఓ పెద్దాయన కూర్చున్నాడు. మెకానిక్. నా అవస్థ చూసి తనే మాట కలిపాడు. గడి కింద సెన్సర్లుంటాయి, వాటి మీద రోజంతా జనం ఎగిరి దూకుతారు. విరిగితే విడిభాగం ఇక్కడ దొరకదు, విదేశం నుంచి తెప్పించాలి. దానికి తోడు ఈ ఉప్పుగాలి. "బీచ్ రోడ్డు ఇళ్లల్లో కిటికీ ఊచలే నిలవవు, ఇదెంతండీ?" అన్నాడు.

అసలు దెబ్బ లెక్కల్లో ఉందట. ఈ మెషిన్‌కీ, వెనకాల నిలబడి చూసేవాళ్లకీ పట్టే చోటులో మూడు క్రేన్లు పెట్టొచ్చు. ఇక్కడ ఒకసారి కార్డు గీకితే రెండు మూడు పాటలు, పది నిమిషాలు. క్రేన్ దగ్గర అర నిమిషం. ఆయన చెబుతుండగానే మా వాడు నా కార్డు పట్టుకెళ్లి ఆ పక్క క్రేన్‌లో నాలుగుసార్లు గీకేశాడు. ఎలుగుబంటి బొమ్మ చెవి కదిలిందంతే.

బీచ్‌లో మురీ మిక్స్చర్ తింటూ వాడికి రాక్సర్ కథ చెప్పాను. ఆ అమెరికా కంపెనీ 'ఇన్ ద గ్రూవ్' అనే ఆట చేసి, పాత డీడీఆర్ మెషిన్లలోనే బిగించుకునే కిట్లు అమ్మింది. మూలన పడ్డ మెషిన్లకు మళ్లీ గిరాకీ తెచ్చే పని అది. 2005లో కోనామి దావా వేసింది. మరుసటి ఏడాది రాజీ కుదిరి ఆ ఆట హక్కులు కోనామికే వెళ్లాయి. అమెరికాలో వీళ్లకు గట్టి పోటీ అంతటితో పోయింది. న్యాయం ఎవరి పక్షాన ఉన్నా, నాకు మాత్రం ఇప్పటికీ కడుపుమంటే.

"ఇంట్లో ఆడుకోలేమా మావయ్యా?" అన్నాడు. ఆడొచ్చు. కంప్యూటర్లో ఈ ఆట ఆడటానికి స్టెప్‌మేనియా అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. గడుల బదులు కాళ్ల కింద పరిచే రెక్సిన్ చాపే, గచ్చు మీద జారి చంపుతుంది. ప్లైవుడ్‌తో గడులు చేద్దామని వాడు అప్పటికే ఫోన్లో బొమ్మ గీస్తున్నాడు.

రాత్రి మోకాళ్లకు జండూబామ్ రాసుకుంటుంటే అక్క గుమ్మంలో నిలబడింది.

"అప్పన్న మెట్లు రేపు కదరా ఎక్కేది. నొప్పులు ఇవాళేమిటి?"

మా వాడు దుప్పటి ముసుగేశాడు.