వేరియోగ్రామ్‌లో ఆరే చుక్కలు: 84 డిగ్రీల గీత చేసిన పని

దొరికింది! మూడు వారాలుగా బల్లపరుపుగా పడుకున్న వేరియోగ్రామ్ (నూతుల మధ్య దూరం పెరిగేకొద్దీ వాటి కొలతల తేడా ఎంత పెరుగుతుందో చూపే గీత) ఇవాళ లేచింది. తప్పు నీళ్లలో లేదు, మోడల్‌లో లేదు, కోఆర్డినేట్లలో ఉంది.

ఆమదాలవలస నుంచి సోంపేట దాకా 58 నూతులు, నేల మట్టం నుంచి నీటి లోతు మీటర్లలో. ఆర్ ప్యాకేజీ జీస్టాట్‌లో సెమీవేరియెన్స్ (జతల తేడా వర్గాల సగటులో సగం) ఏ దూరంలో చూసినా 3.2, 3.6 మధ్యే. మోడల్ గీత ఫిట్ చేయబోతే 200 ఇటరేషన్లయినా కన్వర్జ్ కాలేదని (కుదురుకోలేదని) హెచ్చరిక. అంటే పక్క నూతికీ, నలభై కిలోమీటర్ల అవతలి నూతికీ ఒకటే తేడా! ఒకే చెరువు కింది నూతులు అన్ని ఉండగా అది నమ్మబుద్ధి కాలేదు. 14 మీటర్ల లోతు నూతిని తీసేసి, లాగ్ తీసి, అతి విలువలకి అంతగా లొంగని క్రెస్సీ ఎస్టిమేటర్ పెట్టి చూసినా గీత కదల్లేదు.

పట్టిచ్చింది చుక్కల లెక్క. పదిహేను రావాల్సిన చోట ఆరే ఉన్నాయి, బిన్ (ఒక్కో చుక్కకి తీసుకునే దూరం ముక్క) వెడల్పు 13.8 కిలోమీటర్లు. జీస్టాట్ డేటా అంతా పట్టే పెట్టె కర్ణంలో మూడోవంతుని కటాఫ్‌గా (చూసే గరిష్ఠ దూరంగా) తీసుకుని పదిహేను ముక్కలు చేస్తుంది. వెనక్కి లెక్కేస్తే కటాఫ్ 207, కర్ణం 621 కిలోమీటర్లు. ఈ మేర నిజానికి 95 దాటదు. జతలూ తేలలేదు: 58 నూతులకి 1653 ఉండాలి, ఒక్కో బిన్‌లో జతల సంఖ్య చెప్పే ఎన్‌పీ కాలమ్ కూడితే 956. పోయిన 697 అంటే సరిగ్గా 17 × 41: 17 నూతుల గుంపుకీ 41 నూతుల గుంపుకీ మధ్య జతలన్నీ కటాఫ్ దాటిపోయాయి. మ్యాప్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో 32645 (యూటీఎం అనే మీటర్ల గ్రిడ్‌లో 45వ జోన్ కోడ్) పెట్టి తెరిస్తే ఆ 17 నూతులూ బంగాళాఖాతం నడిమధ్యన ఉన్నాయి.

84 డిగ్రీల రేఖాంశం శ్రీకాకుళం టౌనుకీ నరసన్నపేటకీ మధ్య నుంచి పోతుంది. దానికి పడమర యూటీఎం జోన్ 44, తూర్పు 45. ఈస్టింగ్ (తూర్పు వైపు మీటర్ల లెక్క) ఒక్కో జోన్‌లో మళ్లీ మొదలవుతుంది కాబట్టి ఫోన్ యాప్ దాన్ని ఆమదాలవలసలో 8,06,000 అనీ, నరసన్నపేటలో 1,88,000 అనీ రాసుకుంది. జోన్ వేరే కాలమ్‌లో ఉండి, సీఎస్‌వీ చేసేటప్పుడు రాలిపోయింది. అసలు రేంజ్ (నూతుల మధ్య పోలిక ఉండే దూరం) అంతా 13.8 కిలోమీటర్ల మొదటి బిన్‌లోనే మునిగిపోయింది.

ఆ 17కి ముందు 32644 (జోన్ 44 కోడ్) అని చెప్పి, తర్వాత ఆర్‌లోని ఎస్‌టీ ట్రాన్స్‌ఫార్మ్‌తో 32645కి మార్చి, మిగతావాటితో కలపాలి. ఎస్‌టీ సెట్ సీఆర్ఎస్‌తో నేరుగా 45 అని పెడితే చీటీ మారుతుందే గానీ అంకెలు మారవు. నూతులు సముద్రంలోనే ఉంటాయి. జోన్ అంచు దాటినందుకు వచ్చే స్కేలు తేడా కిలోమీటరుకి మీటరు లోపే, దాని గురించి దిగులక్కర్లేదు. విజయనగరం జిల్లా మొత్తం 44లోనే పడుతుంది కాబట్టి అక్కడి వాళ్లకి ఈ తంటా లేదు.

అలా మార్చాక స్ఫెరికల్ మోడల్ వెంటనే కుదిరింది: నగ్గెట్ (దూరం సున్నా దగ్గర కూడా మిగిలే తేడా) 0.9, రేంజ్ 9 కిలోమీటర్లు, క్రాస్ వాలిడేషన్‌లో ఆర్ఎంఎస్ఈ (అంచనాల్లో సగటు తప్పు) 1.9 నుంచి 1.4కి దిగింది.

వేరియోగ్రామ్ చూపించకుండా మ్యాప్ చేతిలో పెట్టే ప్లగిన్లు ఇలాంటి పనికి వద్దు. దూరాన్ని బట్టి బరువులిచ్చే ఐడీడబ్ల్యూ పద్ధతి అయితే ఈ తప్పుని ఎక్కడా బయటపెట్టేది కాదు.

తర్వాతది నేల ఎత్తుని డ్రిఫ్ట్‌గా (వెనకుండే ధోరణిగా) పెట్టి క్రిగింగ్, అంటే వేరియోగ్రామ్ ఆధారంగా మధ్య చోట్ల విలువలు అంచనా వేయడం. ఉద్దానం కొబ్బరి తోటల మీద ఎస్ఆర్‌టీఎం (అంతరిక్ష రాడార్ కొలిచిన) ఎత్తులో చెట్ల తలలు కూడా కొంత కలుస్తాయి. చెట్లు తీసేసిన ఎత్తుల మ్యాప్ ఫ్యాబ్‌డెమ్‌తో పక్కపక్కన పెట్టి చూడాలి. మే నెల కొలతలప్పుడు కవిటి వైపు రెండు కిలోమీటర్ల లోపు జతలు ఓ పది కావాలి. ఆ దగ్గరి జతలు లేక నగ్గెట్ 0.9 అన్నది ఇంకా దూరపు చుక్కల నుంచి వెనక్కి లాగిన గీతే.