పొమోనాలో ఒక పాత ఫోర్డ్

హాట్ రాడ్లంటే, అదే, వేగం కోసం మార్పులు చేసిన పాత కార్లంటే, మా పక్కింటి పెద్దాయనకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఈసారి కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగే గ్రాండ్ నేషనల్ రోడ్‌స్టర్ షోకి నన్నూ తీసుకెళ్లారు (రోడ్‌స్టర్ అంటే పైకప్పు లేని కారు). 1932 ఫోర్డ్ మీద ఇక్కడివాళ్లకు ఎందుకంత ప్రేమో అక్కడే అర్థమైంది. మామూలు మనిషి కొనగలిగే ధరలో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్, అదీ 65 హార్స్‌పవర్‌తో! కుర్రాళ్లు దాని ఫెండర్లు (మడ్‌గార్డులు) పీకేసి, బరువు తగ్గించి, ఎల్ మిరాజ్ ఎండు సరస్సు మీద పరిగెత్తించేవాళ్లట.

ఒక నల్ల రోడ్‌స్టర్ దగ్గర ఆయన ఆగిపోయారు. డాష్‌బోర్డు కింద వెల్డింగ్ అతుకు చూసి, "ఇది నేనూ నా స్నేహితుడూ వేసిందే" అన్నారు. కారు పక్కన కూర్చున్నావిడ ఆ స్నేహితుడి కూతురే! వెంటనే వాళ్ల నాన్నకు ఫోన్ కలిపింది. ఇద్దరూ ముందు కార్బ్యురేటర్ల గురించి మాట్లాడుకున్నాకే క్షేమసమాచారాలు. నాకు కళ్లు చెమర్చాయి.

వచ్చే ఆదివారం ఆయన్ని బేకర్స్‌ఫీల్డ్ తీసుకెళ్తున్నాను, స్నేహితుడి ఇంటికి.