ఒరిజినల్స్ ఏవి?

యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసులో నేను పార్ట్‌టైమ్ చేసిన రెండేళ్లూ మేడమ్ నోట ఆ మాట వినని రోజు లేదు. మార్కుల మెమో మీద సీలు కాస్త చెదిరినా లేచి కిటికీ వెలుగులో పట్టి చూసేవారు. వెనకాల ‘సీలమ్మ’ అనేవాళ్లం. ఈ సంచిక ఆవిడకీ అందుతుంది, తెలిసే రాస్తున్నాను.

యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ఓ అమ్మాయి ఫార్మసీ రెండో సంవత్సరంలో చేరతానని అప్పట్లో దరఖాస్తు పెట్టింది. ఆధారంగా జతచేసింది ఫోన్లో తీసిన మెమో ఫొటో ఒక్కటే. మేడమ్ నోట్‌షీట్ మీద ఎర్రసిరాతో రాసినవి మూడే మాటలు: ‘ఒరిజినల్స్ జతపరచలేదు. తిరస్కరించడమైనది.’ కవరు అంటించి పంపింది నేను.

రిటైరయ్యాక ఆవిడ శరణార్థుల సహాయకేంద్రంలో చేరారంటే నమ్మలేదు. కిందటేడు వెళ్లి చూశాను. ఎదురుగా ఓ కుర్రాడు, చేతిలో చిన్న కాగితం ముక్క కూడా లేదు. మొదటి ఏడాది ఏ సబ్జెక్టులు, ప్రాక్టికల్స్ ఎన్ని గంటలు, తప్పితే మళ్లీ పరీక్ష ఎప్పుడు అని వరసగా అడుగుతున్నారు. తర్వాత తెల్లకాగితం ముందుకు తోసి ల్యాబ్ బొమ్మ గీయమన్నారు. వాడు సింకు ఒకచోట గీసి, కొట్టేసి, తలుపు పక్కకి మార్చాడు.

"దొంగ సర్టిఫికెట్ వాడికి సిలబస్ కంఠతా వస్తుంది, సింకు ఎక్కడుందో రాదు" అన్నారు నాతో. పాత సీలమ్మే, ఎక్కడికీ పోలేదు.

1951 శరణార్థుల ఒప్పందం 25వ అధికరణం ప్రకారం, సొంత దేశాన్ని అడగలేని శరణార్థికి కావలసిన పత్రాలు ఆశ్రయమిచ్చిన దేశమే ఇప్పించాలి. చదువుల గుర్తింపు మీద కుదిరిన 1997 లిస్బన్ ఒప్పందమైతే, కాగితాలు లేకపోయినా శరణార్థుల చదువును అంచనా కట్టే పద్ధతి పెట్టుకోమని సంతకం చేసిన దేశాలకు చెప్పింది. 2017లో ఐరోపా కౌన్సిల్ మొదలుపెట్టిన అర్హతల పాస్‌పోర్టు, అంటే శరణార్థి చదువును అంచనా కట్టి ఇచ్చే పత్రం, ఇలాంటి ఇంటర్వ్యూల మీదే నడుస్తుంది, ఐదేళ్లు చెల్లుతుంది.

"నేను కుర్చీలో ఉండగానే మొదటి రెండూ ఉన్నాయి. ఏ సర్కారుకి భయపడి పారిపోయి వచ్చిందో, ఆ సర్కారు దగ్గరికే వెళ్లి సీలు వేయించుకు రమ్మన్నాను" అన్నారు.

ఆ అమ్మాయి సంగతి నేను ఎత్తలేదు. ఆవిడే అడిగారు.

"కవరు మీద అడ్రసు నువ్వే రాశావు కదా. ఏ ఊరో గుర్తుందా?"

గుర్తులేదు.