కారుతోందా, ఆవిరైపోతోందా

పొద్దున లేచి చూస్తే చాలు, చేపల ట్యాంకులో నీళ్లు అర వేలు తగ్గి ఉండేవి. ఎండాకాలం, పైన మూత లేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, ఆవిరవుతున్నాయిలే అనుకుని రోజూ మగ్గుతో పోస్తూ నెల గడిపేశా. అమ్మేమో "స్టాండు కింద చెమ్మగా ఉందిరా, నువ్వే ఒలకబోస్తున్నావ్" అని నా మీదే వేసింది. ప్లైవుడ్ అంచు అప్పడంలా ఉబ్బితే గానీ నా బుర్ర వెలగలేదు.

రెండడుగుల ట్యాంకు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, నిండా పోస్తే 56 లీటర్లు. రాత్రి నాలుగు మూలలకీ బయట టిష్యూ ముక్కలు అంటించి పడుకుంటే పొద్దున వెనక కుడి మూలది ఒక్కటే తడిసింది, అదీ కింద రెండంగుళాలే.

ఇక్కడే తెలివి చూపించా, పైపులకి పెట్టే ఎపాక్సీ ముద్ద బయట అతికించా. రెండ్రోజులు ఆగి మూడో రోజు ఆ ముద్ద పక్క నుంచే కారింది. కారదా మరి, లోపల నీళ్ల బరువు దాన్ని బయటికి తోస్తూనే ఉంటుంది కదా. అదే పూత లోపల పడితే ఆ బరువే దాన్ని అద్దానికేసి నొక్కుతుంది.

మూడు గోల్డ్‌ఫిష్‌లనీ పాత నీళ్లతోనే బకెట్లోకి మార్చి ఎయిర్ పంపు, స్పాంజి ఫిల్టర్ అందులోనే పెట్టా. స్పాంజిని మాత్రం కుళాయి కింద కడక్కండి, నీళ్లని శుభ్రంగా ఉంచే బాక్టీరియా ఉండేది దాంట్లోనే.

తర్వాత బ్లేడు పట్టుకుని కూర్చున్నా. ఆ మూలలో అద్దాల్ని అతికించే పాత సిలికాన్ జిగురు పసుపుపచ్చగా అయిపోయి ఉల్లిపొరలా లేచింది, దాని కింద సన్నగా ఆకుపచ్చ గీత, నాచు అద్దం అంచు దాకా పాకేసింది, అంటే నీళ్ల దారి అదే! కొత్త సిలికాన్ పాతదానికి సరిగ్గా అంటుకోదు, అందుకని లోపలి మూలలన్నీ గీకేశా, అద్దానికీ అద్దానికీ మధ్య ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోలేదు, అది పోతే ట్యాంకే విడిపోతుంది. రెండున్నర గంటలు పట్టింది, బొటనవేలు కూడా తెగింది. ఆఖర్న అసిటోన్‌తో తుడిచా.

షాపాయన మొదట ఫంగస్ పట్టని బాత్రూం సిలికాన్ ఇచ్చాడు, అందులో కలిపే ఫంగస్ మందు చేపలకి మంచిది కాదు, వెనక్కిచ్చేసి అక్వేరియంకి పనికొస్తుందని రాసున్నది తెచ్చుకున్నా. మాస్కింగ్ టేపు వేసి, సిలికాన్ గన్నుతో పెట్టి వేలితో లాగి, అది ఆరకముందే టేపు పీకేశా. ఇల్లంతా వెనిగర్ వాసన. అమ్మ ఊరగాయ పాడైందేమోనని వంటింట్లో జాడీలన్నీ మూతలు తీసి చూసొచ్చింది.

ట్యూబు మీద 24 గంటలన్నాడు గానీ వాసన పూర్తిగా పోయేదాకా, అంటే మూడ్రోజులు ఆగా. బాల్కనీలో పేపర్లు పరిచి ముందు సగం, తర్వాత నిండా పోసి ఒక రోజు వదిలేశా. పేపర్లు తడవలేదు. స్టాండుకి ప్లైవుడ్, థర్మాకోల్ రెండూ మార్చి చేపల్ని మళ్లీ వేసేశా.

ఇప్పటికీ రోజూ కాస్త తగ్గుతూనే ఉన్నాయి నీళ్లు. ఈసారి నిజంగా ఆవిరే. అమ్మ నమ్మట్లేదు.