శాండీగేట్ వాలు

శనివారం మధ్యాహ్నం మూడు కాకముందే నేను శాండీగేట్ గేటు దగ్గరుంటాను. శుక్రవారం రాత్రి డ్యూటీ పడినా సరే, నాలుగు గంటలు పడుకుని లేచి, కోటు తగిలించుకుని నడుస్తాను. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌ ఊరికి పడమటి కొసన, క్రాస్‌పూల్ ఎత్తు మీద ఉంటుందీ మైదానం. గాలి నేరుగా ఎముకల్లోకి వెళ్తుంది. ఎదురుగా ప్లౌ అనే పాత పబ్బు, పక్కనే క్రికెట్ మైదానం. నీలం చొక్కాల్లో ఆడే హాలమ్ ఎఫ్‌సి అనే ఫుట్‌బాల్ క్లబ్బుది ఈ మైదానం.

మొదటిసారి వెళ్లినప్పుడు గోల్ వెనకాల నిలబడ్డాను. గోల్‌కీపర్ గోల్ కిక్ కోసం బంతి పెట్టి నాలుగడుగులు వెనక్కి వేశాడు. బంతి మెల్లగా కదిలి దొర్లిపోయింది. మళ్లీ పెట్టాడు, మడమతో గడ్డిని తొక్కి చిన్న గుంట చేసి అందులో ఆనించాడు. అప్పుడు చూశాను, మైదానం మొత్తం వాలుగా ఉంది. నా పక్కనున్న పెద్దాయన, చేతిలో టీ కప్పుతో, "ఈ వాలు మా పన్నెండో ఆటగాడు" అన్నాడు. మర్నాటి నుంచీ ఈ క్లబ్బు కథ వెతుక్కుంటూ కూర్చున్నాను.

కథ మొదలయ్యేది క్రికెట్‌తో. 1804లో పుట్టిన హాలమ్ క్రికెట్ క్లబ్బు వాళ్లే 1860లో ఫుట్‌బాల్ జట్టు కట్టారు. అప్పటికి అదే ఊళ్లో షెఫీల్డ్ ఎఫ్‌సి ఉంది. అది 1857లో పుట్టింది, ప్రపంచంలోకెల్లా పాత ఫుట్‌బాల్ క్లబ్బు. అయితే వాళ్ల ఇబ్బంది చూడండి: ఎదురు నిలబడి ఆడటానికి ఇంకో క్లబ్బే లేదు. పెళ్లయినవాళ్లు ఒక జట్టు, కానివాళ్లు ఒక జట్టుగా విడిపోయి వాళ్లలో వాళ్లే ఆడుకునేవాళ్లు. ఆ కొరత తీర్చింది హాలమ్. 1860 డిసెంబర్ 26న, క్రిస్మస్ మర్నాడు, ఇదే శాండీగేట్‌లో రెండు క్లబ్బులూ తలపడ్డాయి. షెఫీల్డ్ రెండు గోల్స్‌తో గెలిచింది, హాలమ్‌కి ఒక్కటీ రాలేదు. ఓడినా నా లెక్కలో ఆ రోజు హాలమ్‌దే. రెండో క్లబ్బు లేకపోతే మొదటి క్లబ్బుకి ఆటెక్కడిది?

లండన్‌లో, దేశమంతటి ఫుట్‌బాల్‌ని నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్‌ఏ) పుట్టడానికి అప్పటికింకా మూడేళ్లు ఉంది. షెఫీల్డ్‌లో ఆట నడిచేది ఊళ్లోనే రాసుకున్న షెఫీల్డ్ నియమాలతోనే. 1862 డిసెంబర్ 29న ఈ రెండు జట్లూ ఊళ్లోని బ్రామల్ లేన్ మైదానంలో మళ్లీ కలిశాయి. అమెరికాలో అంతర్యుద్ధం వల్ల పత్తి రాక, లాంకషైర్ మిల్లులు మూతబడి, కార్మికులు పస్తులుంటున్న రోజులవి. వాళ్ల సహాయనిధి కోసం పెట్టిన ఆట. అందులోనే షెఫీల్డ్ కెప్టెన్ క్రెస్విక్‌కీ, హాలమ్ ఆటగాడు వాటర్‌ఫాల్‌కీ మాటా మాటా పెరిగింది. వాటర్‌ఫాల్ వెయిస్ట్‌కోటు విప్పి పారేసి కలబడ్డాడు. జనం మైదానంలోకి దూసుకొచ్చారు. చివరికి వాటర్‌ఫాల్‌ని శిక్షగా గోల్‌లో నిలబెట్టారట. ఎవరికీ గోల్ రాలేదు. ఆ వెయిస్ట్‌కోటు సంగతి చదివిన దగ్గర్నుంచి అతను నాకు బాగా తెలిసిన మనిషిలా అనిపిస్తాడు.

హాలమ్‌ని తల్చుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం 1867. థామస్ యూడన్ అనే థియేటర్ యజమాని ఒక కప్పు పెట్టాడు. పన్నెండు జట్లు దిగాయి. మార్చి 5న బ్రామల్ లేన్‌లో ఫైనల్, హాలమ్‌కీ నార్ఫోక్ అనే జట్టుకీ. మూడు వేల మంది వచ్చారు. అప్పటి నియమం నాకు అర్థం కావడానికి కాగితం మీద బొమ్మ గీసుకోవాల్సొచ్చింది. గోల్ వెడల్పు నాలుగు గజాలే. దానికి అటూ ఇటూ ఇంకో నాలుగేసి గజాల దూరంలో ఒక్కో జెండా. బంతి గోల్‌లోకి వెళ్లకుండా జెండా లోపల నుంచి గీత దాటితే, పరిగెత్తి దాన్ని ముందుగా తాకినవాడి జట్టుకి ఒక 'రూజ్'. గోల్స్ సమానమైతే రూజ్‌లు లెక్కపెడతారు. ఫైనల్లో గోల్స్ పడలేదు. హాలమ్‌కి రెండు రూజ్‌లు, నార్ఫోక్‌కి సున్న. ఎఫ్‌ఏ కప్ మొదలవడానికి నాలుగేళ్ల ముందే హాలమ్ ఒక కప్పు గెలిచేసింది! ఆ వెండి కప్పు తర్వాత ఎటో పోయింది. 1997లో స్కాట్లాండ్‌లో పాత వస్తువుల వ్యాపారి ఒకరి దగ్గర తేలితే, క్లబ్బు కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంది. ఇది ఎప్పుడు చెప్పినా నా గొంతు కాస్త మారుతుంది.

1885లో ఆటగాళ్లకి డబ్బిచ్చి ఆడించడం చట్టబద్ధమయ్యాక ఊళ్లో పెద్ద క్లబ్బులు వేరే దారి పట్టాయి. షెఫీల్డ్ వెడ్నెస్‌డే క్లబ్బుకి హిల్స్‌బరో మైదానం, షెఫీల్డ్ యునైటెడ్‌కి బ్రామల్ లేన్. హాలమ్ గెలిచిన ఆ బ్రామల్ లేన్‌లో ఇప్పుడు వేల మంది కూర్చుంటారు. హాలమ్ శాండీగేట్‌లోనే ఉండిపోయింది. ప్రపంచంలో అన్నిటికన్నా పాత ఫుట్‌బాల్ మైదానంగా గిన్నిస్ గుర్తించింది దీన్నే. జట్టు ఆడేది నార్తర్న్ కౌంటీస్ ఈస్ట్ లీగ్‌లో. 2021-22లో అందులోని డివిజన్ వన్ గెలిచి, ఆ లీగ్‌లోనే పై మెట్టయిన ప్రీమియర్ డివిజన్‌కి ఎక్కింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మొత్తంలో పై నుంచి లెక్కేస్తే అది తొమ్మిదో మెట్టు.

పోయిన శనివారం ఆఖరి నిమిషాల్లో మావాళ్లు పల్లం వైపు కార్నర్ తీసుకున్నారు. కుర్రాడు బంతిని గీత మీద పెట్టాడు, చెయ్యి తీసేలోపే అది కదిలింది. వంగి, మడమతో గడ్డి నొక్కి, గుంటలో ఆనించి, వెనక్కి నడిచాడు. పెద్దాయన టీ కప్పు నా చేతికిచ్చి రెయిలింగ్ రెండు చేతులా పట్టుకున్నాడు.