ఫార్మాట్ చేయమంటారా అని అడిగినప్పుడు

ఈ రోజు పొద్దంతా ఒక పెన్‌డ్రైవ్‌తోనే సరిపోయింది.

వచ్చే నెల మా అత్తయ్యకు సహస్ర చంద్ర దర్శనం. ఆ రోజు వచ్చే చుట్టాల చేతిలో పెట్టడానికి ఆవిడ పాడే పాటలన్నీ ఒక చిన్న పుస్తకంగా వేయిస్తున్నాం. లాలి పాటలు, మంగళహారతులు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు. వీటిలో కొన్ని ఆవిడ నోట తప్ప నేను ఇంకెక్కడా వినలేదు. పాటలు టైపు చేయడం నా వంతు, పాత ఫోటోలు స్కాన్ చేయించడం బెంగళూరులో ఉన్న బావ వంతు. ఆ ఫోటోలూ, అత్తయ్య పెరటి అరుగు మీద కూర్చుని పాడుతుండగా తీసిన వీడియో ఒకటీ 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసి మొన్న తెలిసినవాళ్ళ చేత పంపించాడు. ఏ ఊళ్ళో తీసిందో, ఎవరి పెళ్ళిలోదో, ఏ సంవత్సరానిదో అత్తయ్యను ఫోనులో అడిగి ఒక్కో ఫోటోకు అదే పేరు పెట్టాడు. బావ ల్యాప్‌టాప్ రిపేరుకు వెళ్ళింది కాబట్టి ప్రస్తుతానికి ఉన్న ఒకే ఒక నకలు ఇదే. రాత్రి మా ఇంట్లో ఉబుంటు లినక్స్‌తో నడిచే ల్యాప్‌టాప్‌కు పెట్టి అన్నీ ఒకసారి చూసుకున్నాను. చక్కగా తెరుచుకున్నాయి.

పొద్దున తెనాలిలో ప్రెస్సుకు వెళ్ళాను. పేజీలు కట్టేది అక్కడున్న పాత కంప్యూటర్ మీదే. అందులో విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్నాయి. ఏళ్ళ తరబడి వేసిన పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, దేవస్థానాల పుస్తకాలు అన్నీ అందులోనే ఉన్నాయట. ఎక్స్‌పీకి కొత్త మరమ్మతులు ఇవ్వడం 2014 ఏప్రిల్‌తోనే ఆగిపోయింది. అయినా రోజూ కూడు పెడుతున్న యంత్రాన్ని వాళ్ళు ఎందుకు మారుస్తారు? దానికి ఇంటర్నెట్ ఇవ్వకుండా ఉంచారు, అది మంచి పని.

డీటీపీ చేసే ఆయన పెన్‌డ్రైవ్ పెట్టారు. టింగుమని చప్పుడు వచ్చింది, డ్రైవ్ గుర్తు కనిపించింది. దాని మీద రెండుసార్లు నొక్కగానే ఒక చిన్న పెట్టె వచ్చింది: ఈ డిస్కు ఫార్మాట్ చేసి లేదు, ఇప్పుడు చేయమంటారా? కింద ‘యస్’, ‘నో’.

“ఇది ఖాళీదండీ, ఫార్మాట్ అడుగుతోంది” అంటూ ఆయన బాణాన్ని ‘యస్’ మీదికి తీసుకెళ్ళారు.

“ఆగండి, నొక్కకండి!” అన్నాను, పక్క గదిలో మిషను దగ్గర ఉన్నవాళ్ళు తల తిప్పి చూసేంత గట్టిగా.

ఆయనను తప్పు పట్టడానికి లేదు. రోజూ పదిమంది తెచ్చే పెన్‌డ్రైవ్‌లతో పని చేసే మనిషి, తెర మీద ఏముంటే అది నమ్ముతారు. ఫార్మాట్ చేయడమంటే డిస్కులో ఉన్నదాన్ని తుడిచేసి, ఫైళ్ళు పెట్టుకునే అమరికను మళ్ళీ కొత్తగా వేయడం. కానీ తెర మీది ఆ మాట ఉన్నది ఉన్నట్టు చెప్పే మాట కాదు. డిస్కులో ఏమీ లేదని కాదు, ఉన్నదాన్ని చదవడం ఆ కంప్యూటర్‌కు రాలేదు, అంతే. తెలుగు చదవడం రాని మనిషికి తాళపత్రం ఇస్తే “ఇందులో ఏమీ రాసి లేదు, గీకి శుభ్రం చేసివ్వనా?” అని అడిగినట్టు ఉంటుంది ఇది. ఎంతమంది ఇళ్ళలో ఫోటోలు ఆ ఒక్క నొక్కుతో పోయి ఉంటాయో అనుకుంటే బాధ వేస్తుంది.

ముందు అనుమానాలు ఒక్కొక్కటే తీర్చుకున్నాం. క్యాబినెట్ ముందువైపు పోర్టుల వైర్లు వదులై ఇబ్బంది పెట్టడం మామూలే కాబట్టి పెన్‌డ్రైవ్ తీసి వెనకవైపు పోర్టుకు పెట్టాం. అదే పెట్టె మళ్ళీ వచ్చింది. డ్రైవ్‌ల వివరాలు చూపే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే పరిమాణం సరిగానే ఉంది, ఏ పద్ధతిలో ఫార్మాట్ అయిందో చెప్పే చోట మాత్రం తెలిసిన పేరేదీ లేదు. పరిమాణం సరిగా చూపిస్తోందంటే పెన్‌డ్రైవ్ బతికే ఉందన్నమాట. చివరికి యజమాని బిల్లులు రాసుకునే విండోస్ 10 కంప్యూటర్‌కు పెట్టాం. క్షణంలో తెరుచుకుంది. మొదటి ఫోల్డర్లో అత్తయ్య పెళ్ళి ఫోటో. అప్పటికి గాని నా మనసు కుదుట పడలేదు.

సంగతేమిటంటే, బావ మ్యాక్ మీద ఆ పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేశాడు. ఫైళ్ళను డ్రైవ్‌లో అమర్చే పద్ధతుల్లో అదొకటి; ఎన్‌టీఎఫ్‌ఎస్, ఫ్యాట్32 కూడా అలాంటివే. అది సరైన ఎంపికే. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పెడితే మ్యాక్ చదువుతుంది కానీ మామూలుగా అందులో రాయలేదు. ఫ్యాట్32లో పెద్ద ఫైళ్ళు పట్టవు. అటు మ్యాక్‌లోనూ ఇటు విండోస్‌లోనూ చదవడానికీ రాయడానికీ పనికొచ్చేది ఎక్స్‌ఫ్యాటే. అయితే అది వచ్చింది 2006లో, ఎక్స్‌పీ వచ్చింది 2001లో. ఆ తర్వాత 2009లో ఒక అప్‌డేట్ ఇచ్చారు, అది వేసుకున్న ఎక్స్‌పీ దీన్ని చదువుతుంది. ప్రెస్సులోని దానికి ఎవరూ వేయలేదు. ఇప్పుడు వేద్దామా అంటే యజమాని ఒప్పుకోలేదు, నేనూ పట్టుబట్టలేదు. సజావుగా నడుస్తున్న పాత యంత్రాన్ని సీజనులో కదిలించకూడదు.

బావ పెన్‌డ్రైవ్‌ను మళ్ళీ ఆ కంప్యూటర్ దరిదాపులకు పోనివ్వలేదు. నా సంచీలో 8 జీబీది ఫ్యాట్32లో ఉంది. విండోస్ 10 మీద ఫోటోలను ముందు కంప్యూటర్‌లోకి, అక్కడి నుంచి నా దాంట్లోకి వేయమన్నాను. ఆయన అలవాటు కొద్దీ అన్నీ ఒకేసారి ఎంచి వేశారు. ఫోటోలు వెళ్ళాయి, వీడియో దగ్గర ఆగింది: ఫైలు మరీ పెద్దది. “ఆరు జీబీ ఫైలు, ఇంకా ఏడు జీబీ ఖాళీ ఉంది కదండీ” అని ఆయన ఆశ్చర్యపోయారు. ఫ్యాట్32లో ఒక ఫైలు ఎంత పెద్దదో రాసుకోవడానికి 32 బిట్ల చోటే ఉంటుంది. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 4,29,49,67,295. అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. ఒక్కొక్క ఫైలు దాన్ని దాటకూడదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. ప్రెస్సుకు వీడియోతో పని లేదు కాబట్టి దాన్ని వదిలేశాం.

ఎక్స్‌పీలో ఈసారి వెంటనే తెరుచుకుంది. కానీ ఆయన మొదటి ఫోటో మీద నొక్కి “ఇది పాడైందండీ” అన్నారు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. దగ్గరికి వెళ్ళి చూశాను. పేర్ల ముందు ఒక చుక్క, ఒక అడ్డగీత, పరిమాణం నాలుగు కేబీ. స్కాన్ చేసిన ఫోటో నాలుగు కేబీ ఎలా అవుతుంది? ఇలాంటి డ్రైవ్‌ల మీద మ్యాక్ ఒక్కో ఫైలుకు సంబంధించిన వివరాలను అదే పేరుతో పక్కన ఒక చిన్న ఫైలుగా రాసి పెడుతుంది. మ్యాక్‌లో అవి కంటికి కనిపించవు, విండోస్‌లో వరుసలో ముందే వచ్చి నిలబడతాయి. వాటిని దాటి కిందికి వెళితే అసలు ఫోటోలన్నీ ఉన్నాయి.

తెలుగులో పెట్టిన పేర్లు మాత్రం అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలుగా కనిపించాయి. అది పెన్‌డ్రైవ్ సమస్య కాదు. ఎక్స్‌పీలో భారతీయ భాషలు కనిపించాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో విడిగా ఒక ఎంపిక చేయాలి, ఇక్కడ ఎవరూ చేయలేదు. లోపల పేరు భద్రంగానే ఉంది. అయినా ఏ ఫోటో ఎవరిదో డబ్బాలను చూసి ఎవరు చెబుతారు? అందుకే కొత్త కంప్యూటర్ మీద ఫోటోలకు వరుస సంఖ్యలు వేసి, ఏ సంఖ్య ఎవరిదో కాగితం మీద రాసి ఇచ్చాను. అసలు పేర్లు బావ పెన్‌డ్రైవ్‌లో అలాగే ఉన్నాయి. ఎవరైనా పొరపాటున ఫార్మాట్ నొక్కినా, ఆ తర్వాత అందులో ఏమీ రాయకుండా ఆపేస్తే ఫోటోరెక్ వంటి సాధనాలతో బొమ్మలను చాలావరకు వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ పేర్లు రావు. మా విషయంలో పేర్లే సగం చరిత్ర. పెళ్ళిపీటల వెనక నిలబడిన ఆ పొడుగాటి మనిషి ఎవరో చెప్పగలిగింది ఇప్పుడు అత్తయ్య ఒక్కరే.

పాటల పాఠం ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ వాడే యూనికోడ్‌లో ఉంది, పేజ్‌మేకర్ దాన్ని తీసుకోదు. అను లిపిలోకి మార్చే సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గరే ఉందన్నారు. మార్చాక ఒత్తులూ పొల్లులూ కళ్ళలో వత్తులు వేసుకుని చూసుకోవాలి.

సాయంత్రం ఇంటికి రాగానే వీడియో పని పట్టాను. వేడుక రోజు హాల్లో పెట్టే టీవీ మా తమ్ముడిదే. దాని పుస్తకంలో ఫ్యాట్32, ఎన్‌టీఎఫ్‌ఎస్ అని మాత్రమే రాసి ఉంది. ఖాళీగా ఉన్న ఇంకో పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసి వీడియో అందులోకి వేశాను. పచ్చగీత కొసదాకా చకచకా పాకింది. మేనల్లుడు “అయిపోయిందత్తా” అంటూ పెన్‌డ్రైవ్ లాగడానికి చెయ్యి పెట్టాడు. వాడి చెయ్యి పట్టుకుని దాని మొనన ఉన్న చిన్న దీపం చూపించాను. ఇంకా గబగబా మిణుకుతూనే ఉంది. లినక్స్ ముందు తన మెమరీలోకి తీసుకుని, పెన్‌డ్రైవ్ ఓపికను బట్టి మెల్లగా అందులోకి దించుతుంది. ఇజెక్ట్ నొక్కితే, రాయడం ఇంకా అవుతోంది, తీయవద్దు అని తెర మీద వచ్చింది. వాడు పీట వేసుకుని దీపాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆరిపోగానే కేక వేశాడు.

టీవీకి పెట్టి వీడియో మొదలు చూశాను, మధ్యలో చూశాను, చివరి నిమిషం పూర్తిగా చూశాను. సగం దిగిన ఫైలు తేలిపోయేది ఆ చివర్లోనే. గొంతు స్పష్టంగా ఉంది. బావ పంపినదంతా నా ల్యాప్‌టాప్‌లోకి ఒకసారి, బయటి హార్డ్ డిస్కులోకి ఒకసారి నకలు తీసి, రెండు చోట్లా ఫైళ్ళ సంఖ్య, మొత్తం పరిమాణం సరిచూశాను. బావకు ఫోను చేసి చెప్పేశాను, తమ్ముడికి కూడా ఒక నకలు పంపమన్నాడు.

ప్రెస్సువాళ్ళు ప్రూఫులు ఎల్లుండి ఇస్తామన్నారు. అత్తయ్యకు చూపు ఆనడం లేదు, నేను పైకి చదువుతుంటే విని సరిచేస్తానన్నారు. అప్పగింతల పాట మూడో చరణంలో ఒక మాట మీద నాకు అనుమానం ఉంది, ముందు దాన్ని అడగాలి.