సర్జను గది బయట విన్న మాటలు

మా అక్కకు బరువు తగ్గించే శస్త్రచికిత్స జరిగి ఏడాది దాటింది. హైదరాబాదులో ఆ సర్జను గారి గది ముందు అక్కతో పాటు కూర్చున్న ప్రతిసారీ, లోపల ఆయన చెప్పినదానికన్నా బయట రోగులు చెప్పుకున్న మాటలే నాకు ఎక్కువ విషయాలు నేర్పాయి.

అక్కకు చేసినది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. అంటే జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం వరకు తీసివేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా ఉంచుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దానితోనే పోతుంది కనుక, మొదటి నెలల్లో ఆకలి అనేదే తెలియలేదని చాలామంది అన్నారు. "మూడు చెంచాల పెరుగన్నానికే పెళ్లి భోజనం చేసినట్టుంటుందమ్మా" అని నవ్విన ఒక పెద్దావిడ, స్టీలు గ్లాసులో సగం నీళ్లు తాగడానికి ఇరవై నిమిషాలు తీసుకోవడం నేను కళ్లారా చూశాను.

అలాగని అందరూ సంతోషంగా ఉన్నారని కాదు. మూడో నెలలో జుట్టు గుప్పెళ్లుగా ఊడుతుందని, విటమిను మాత్రలు జీవితాంతం వేసుకోవాలని ముందే గట్టిగా చెప్పలేదని ఒక యువకుడు నొచ్చుకున్నాడు. నా దృష్టిలో అది చిన్న లోపం కాదు. అయినా, అర్ధరాత్రి వాంతులైనప్పుడు ఫోను ఎత్తి మాట్లాడింది ఆ డాక్టరు గారేనని అతడే ఒప్పుకున్నాడు.

ఇంతలో అక్క పేరు పిలిచారు. బరువు చూసే యంత్రం ఎక్కబోతూ చెప్పులతో పాటు గాజులు కూడా తీసి నా చేతిలో పెట్టింది; ఆ పాత అలవాటు మాత్రం ఆపరేషనుతో పోలేదు.